సీసాలోని తీపి



ఒక గ్రామ సంఘంలో స్త్రీల కూడిక ముగిసింది. చివరి ప్రార్థన అయ్యాక అందరూ చాపలు మడుస్తుండగా ఒక పెద్దమ్మ, ఆమె కోడలు నా దగ్గరకు వచ్చారు. కోడలి చంకలో ఒకటిన్నర సంవత్సరాల బాబు, చేతిలో సగం వాడిన దగ్గుమందు సీసా.

"సిస్టరుగారూ, మీరు నర్సుగా చేశారు గదా, మీరే తీర్పు చెప్పండి" అన్నది పెద్దమ్మ. "ఇంటర్ చదివే మా మనవరాలు ఈ సీసా మీద రాసింది చదివి, ఇందులో ఆల్కహాలుందని చెప్పింది. సారాయి మానిపించాలని దుకాణం ముందు బైఠాయించినదాన్ని నేను. నా మనవడి నోట్లో ఆ చుక్క పడనిస్తానా?"

"రాత్రంతా దగ్గుతున్నాడండి, నిద్ర లేదు" అన్నది కోడలు కళ్ళనీళ్ళతో. "పక్కింటి వదిన వాళ్ళ పాపకు దీనితోనే తగ్గిందని ఇచ్చింది."

పెద్దమ్మ మాటను నేను తేలికగా తీసుకోలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుండి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో మన సంఘాల స్త్రీలు ఎందరో నిలబడ్డారు. ఆ ఉద్యమ ఫలితంగానే 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. అటువంటి తల్లికి ఆల్కహాలన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. అందులో తప్పేమీ లేదు. అయితే ఆమె భయపడిన చోట అపాయం లేదు. ఆ కోడలు నమ్మిన చోట అపాయం ఉన్నది. ఆ సంగతి ఆ పూట వారికి చెప్పాను. ఇప్పుడు మీకందరికీ వివరంగా చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

సార్బిటాల్ అంటే ఏమిటి?

సీసా మీద ఆ అమ్మాయి చదివిన మాట "సార్బిటాల్". పిల్లల మందులలోను, "షుగర్ ఫ్రీ" అని రాసి ఉండే సిరప్‌లలోను తీపి కోసం కలిపే చిక్కని, రంగులేని పాకం ఇది. 1872లో బూసింగాల్ట్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఐరోపా కొండలలో పెరిగే సోర్బస్ అనే చెట్టు పండ్లలో దీనిని కనుగొన్నాడు. ఆ చెట్టు పేరే దీనికి వచ్చింది. బేరిపండ్లలోను, ఆపిల్ పండ్లలోను కూడా ఇది సహజంగా ఉంటుంది. కాబట్టి పండు తిన్న ప్రతివాడూ ఎరుగకుండానే దీనిని రుచి చూచినవాడే.

ఇప్పుడు ఫ్యాక్టరీలలో దీనిని పండ్ల నుండి తీయరు. మొక్కజొన్న వంటి గింజల పిండి నుండి ముందు గ్లూకోజు తీస్తారు. ఆ గ్లూకోజు నీళ్ళలోనికి ఎక్కువ ఒత్తిడితో హైడ్రోజన్ వాయువును పంపుతారు. నికెల్ లోహపు పొడి తోడుండగా గ్లూకోజు సార్బిటాల్‌గా మారుతుంది. మందుల కంపెనీలకు వచ్చే పాకంలో సాధారణంగా నూటికి 70 పాళ్ళు సార్బిటాల్, మిగిలినది నీరు.

ఆల్కహాలన్న పేరు ఎందుకు?

రసాయన శాస్త్రంలో ఆల్కహాలు అనేది ఒక ఇంటిపేరు వంటిది. ఊరిలో ఒకే ఇంటిపేరు గలవారు యాభైమంది ఉంటారు. వారిలో సంఘ పెద్ద ఉంటాడు, తాగుబోతూ ఉంటాడు. ఇంటిపేరు చూచి మనిషిని తీర్పు తీర్చలేము గదా! సారాయిలో మత్తు కలిగించేది ఇథనాల్ అనే ఒక ఆల్కహాలు. సార్బిటాల్ చక్కెర నుండి పుట్టిన మరొక ఆల్కహాలు. చక్కెరకు దగ్గరి చుట్టమే గాని, గుణంలో సారాకు తోబుట్టువు కాదు. ఎంత తాగినా మత్తెక్కదు, అలవాటు కాదు. ముఖానికి రాసుకొనే గ్లిజరిన్‌దీ ఇదే ఇంటిపేరు.

మరొక మాట కూడా నిజాయితీగా చెప్పాలి. కొన్ని పాతకాలపు టానిక్కులలో, ఎలిక్సిర్ అనే మందులలో నిజంగానే ఇథనాల్ కలుపుతారు. అది కలిపితే లేబుల్ మీద ఎంత శాతమో రాసి ఉంటుంది. సందేహముంటే మందుల షాపువానిని చదివి చెప్పమని అడగండి. అడగడానికి సిగ్గుపడవద్దు.

చక్కెర ఉండగా ఇదెందుకు?

మామూలు చక్కెర పాకం సిరప్‌లో బరువులో దాదాపు మూడింట రెండు వంతులు చక్కెరే. బెల్లం పాకం పట్టిన గిన్నె అంచున గడ్డకట్టినట్టే, చక్కెర సిరప్ సీసా మూత దగ్గర గడ్డకట్టి పట్టేస్తుంది. తీయబోతే మూత రాదు. సార్బిటాల్ కలిపితే ఆ బాధ తగ్గుతుంది, మందు చిక్కగా ఉంటుంది.

రెండవ మేలు దంతాలకు. నోటిలోని క్రిములు చక్కెరను పులియబెట్టి ఆమ్లం చేస్తాయి, దానితో పళ్ళు పుచ్చుతాయి. సార్బిటాల్‌ను అవి అంత సులువుగా పులియబెట్టలేవు. నెలల తరబడి రోజూ సిరప్ తాగవలసిన మూర్ఛ రోగపు బిడ్డకు ఇది చిన్న మేలు కాదు.

మూడవది, చక్కెర వ్యాధి గలవారికి. సార్బిటాల్ తీపి చక్కెర తీపిలో సుమారు 60 శాతం. చక్కెర గ్రాముకు 4 కేలరీలు ఇస్తే ఇది 2.6 ఇస్తుంది. రక్తంలో చక్కెరను నెమ్మదిగా, కొద్దిగా పెంచుతుంది. అసలు పెంచదని మాత్రం కాదు. కాబట్టి "షుగర్ ఫ్రీ" అని రాసి ఉన్నదని చెంచాల మీద చెంచాలు తాగవచ్చుననుకోరాదు.

దీనికి ఒక లోపమున్నది. పేగులు దీనిని పూర్తిగా పీల్చుకోలేవు. మిగిలినది నీటిని లాగుకొంటుంది, గ్యాసు పుట్టిస్తుంది. పెద్దవాళ్ళకు రోజుకు 50 గ్రాముల వరకు చేరితే విరేచనాలు కావచ్చును. పిల్లలకు అంతకన్న చాలా తక్కువే చాలు. జ్వరానికొకటి, దగ్గుకొకటి, బలానికొకటి అని మూడు నాలుగు సిరప్‌లు ఒకేసారి పోస్తే, బిడ్డకు విరేచనాలు పట్టుకోవడం నేను చూశాను. దానికి మరొక సిరప్ వెదకడానికి ముందు, ఇప్పుడు పోస్తున్నవన్నీ డాక్టరుకు చూపండి. పండ్లు, చక్కెర తిన్నప్పుడల్లా వాంతులై నీరసించిపోయే అరుదైన పుట్టుక వ్యాధి ఒకటి ఉన్నది. ఫ్రక్టోజు పడని ఆ పిల్లలకు సార్బిటాల్ కూడా పనికిరాదు.

ఇంతవరకు సార్బిటాల్ సంగతి. మంచిదైన సార్బిటాల్ తగు మోతాదులో భయపడదగినది కాదు. మరి అపాయం ఎక్కడున్నది?

అదే ఇంటిపేరుతో వచ్చే దొంగ

సార్బిటాల్, గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవాలు సిరప్‌ల తయారీలో వాడుకొనేవి. వీటివలెనే చిక్కగా, తేటగా, తియ్యగా ఉండే మరొక ద్రవం ఉన్నది. దాని పేరు డైఇథిలీన్ గ్లైకాల్. బ్రేకు ఆయిలులోను, కొన్ని ప్లాస్టిక్ పరిశ్రమలలోను దానికి పని. మందులో దానికి చోటు లేదు. అది మూత్రపిండాలను చంపే విషం. చౌకగా దొరుకుతుంది గనుక ఎక్కడో ఒకచోట దురాశాపరుడు మంచి ద్రవానికి బదులు దానిని డ్రమ్ములో నింపుతాడు. లేదా పరిశ్రమలకు వాడే మురికి సరుకును మందుల సరుకని అమ్ముతాడు. కొన్న కంపెనీ పరీక్షించకుండా సిరప్‌లో కలుపుతుంది. డ్రమ్ము మీద పేరు మంచిదే, లోపలిది మృత్యువు.

ఇది కొత్త కథ కాదు. 1937లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో ఒక కంపెనీ సల్ఫానిలమైడ్ అనే మందును డైఇథిలీన్ గ్లైకాల్‌లో కరిగించి, పిల్లలకు ఇష్టమైన రాస్ప్‌బెర్రీ వాసన కలిపి అమ్మింది. రుచి చూశారు, వాసన చూశారు, రంగు చూశారు. విషమేమోనని మాత్రం చూడలేదు. వందమందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పిల్లలు. ఇన్‌స్పెక్టర్లు ఊరూరా తిరిగి మిగిలిన సీసాలు పట్టుకొన్నారు. అయితే మందు అమ్మే ముందు అది క్షేమమైనదని రుజువు చేయాలనే చట్టం అప్పటికి లేదు. చివరకు ఆ కంపెనీ మీద మోపగలిగిన నేరం ఒక్కటే. ఎలిక్సిర్ అని పేరు పెట్టారు, అందులో ఆల్కహాలు లేదు, కాబట్టి పేరు తప్పు! ప్రాణాలు పోయినందుకు కాదు, పేరు తప్పినందుకు జరిమానా. ఆ దుఃఖంలో నుండే 1938లో అమెరికాలో కొత్త ఔషధ చట్టం పుట్టింది.

మన దేశమూ ఈ శోకం ఎరుగును. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో కలుషితమైన గ్లిజరిన్ తాగించిన 14 మంది రోగులు చనిపోయారు. జస్టిస్ లెంటిన్ కమిషన్ దాని మీద విచారణ జరిపింది. 2019 చివర, 2020 మొదట్లో జమ్మూలోని రాంనగర్‌లో దగ్గుమందు తాగి కనీసం 12 మంది పసిబిడ్డలు పోయారు. 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో సుమారు 70 మంది పిల్లలు మూత్రపిండాలు పాడై చనిపోయారు. ఆ సిరప్‌ల మీద మన దేశం పేరే ఉన్నది. అదే సంవత్సరం ఇండోనేషియాలో 200 మందికి పైగా పిల్లలు, ఉజ్బెకిస్తాన్‌లో మరికొందరు పోయారు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్ చింద్వారా ప్రాంతంలో కోల్డ్రిఫ్ అనే దగ్గుమందు తాగి 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు విడిచారు. ఆ మందు తయారైన తమిళనాడులో పరీక్షిస్తే నూటికి 48.6 పాళ్ళు డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్టు తేలింది. ఔషధ ప్రమాణాలు అనుమతించే హద్దు నూటికి 0.1 పాలు, అంటే వెయ్యి పాళ్ళలో ఒక్క పాలు మాత్రమే.

చింద్వారా తల్లులు చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. బిడ్డ దగ్గుతుంటే ప్రేమతో చెంచా నోట పెట్టారు. వారికి విశ్వాసం తక్కువై బిడ్డలు పోయారని ఎవరైనా అంటే, అది యోబు స్నేహితుల మాటే గాని దేవుని మాట కాదు.

కుండలో విషం

రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలో ఒక సంగతి ఉన్నది. గిల్గాలులో కరవు. ఎలీషా దగ్గరున్న ప్రవక్తల శిష్యులకు వంట కావాలి. ఒకడు పొలానికి పోయి, ఏవో అడవి తీగె కాయలు ఒడినిండా కోసుకొని వచ్చి, అవేమిటో ఎరుగక తరిగి కుండలో వేశాడు. వడ్డించారు. తినబోయినవారు రుచి తెలిసి కేకలు వేశారు. దైవజనుడు పిండి తెప్పించి కుండలో వేయగా ఆ వంటలో హాని లేకపోయింది.

ఆ శిష్యుడు దుర్మార్గుడు కాడు, తెలియనివాడు. అయినా కుండలోనికి విషం చేరింది. వారిని కాపాడిన మొదటి సంగతి, రుచి చేదుగా ఉండడం, వారు కేక వేయగలగడం. మన పసిబిడ్డకు ఆ రెండూ లేవు. ఈ విషం తియ్యగా ఉంటుంది, ఒకటిన్నర ఏళ్ళ బిడ్డ కేక వేసి చెప్పలేడు. ఇంటిలో మనం వాసన చూచినా తెలియదు, మరగబెట్టినా వడగట్టినా పోదు. కాబట్టి కుండ పొయ్యి మీదికెక్కక ముందే కాయలను పరీక్షించేవాడు కావాలి. అంటే ఫ్యాక్టరీకి వచ్చిన ప్రతి డ్రమ్మునూ వాడకముందే పరీక్షించాలి.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఎవడైనా పడి చనిపోతే ఆ రక్తాపరాధం ఇంటి మీదికి రాకూడదని. పరీక్ష అనేది మందుల ఫ్యాక్టరీకి పిట్టగోడ. అమెరికా ఔషధ సంస్థ 2007లో గ్లిజరిన్ విషయంలో ఈ పరీక్షను గట్టిగా చెప్పింది. 2023లో సార్బిటాల్, మాల్టిటాల్ పాకాలను, ప్రొపిలీన్ గ్లైకాల్‌ను కూడా ఆ జాబితాలో చేర్చింది. మన ప్రభుత్వం 2023 జూన్ 1 నుండి ఎగుమతి చేసే దగ్గుమందులకు ముందుగా పరీక్ష తప్పనిసరి చేసింది. పరాయి దేశపు బిడ్డకు కట్టిన పిట్టగోడ మన బిడ్డకు కూడా అంతే గట్టిగా ఉండాలని అడగడం మన హక్కు. మన సంఘాలలో మందుల కంపెనీలలో పనిచేసే యౌవనస్థులు ఉన్నారు. తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, పరీక్ష చేయకుండా చేసినట్టు సంతకం పెట్టమని మీ పైవారు చెప్పిన రోజున, ఆ సీసా ఒక తల్లి చేతిలోనికి పోతుందని జ్ఞాపకం చేసుకోండి.

ఇంటిలో మనం చేయగలిగినవి

1. రెండు సంవత్సరాలు నిండని పిల్లలకు దగ్గు, జలుబు సిరప్‌లు ఇవ్వరాదని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో చెప్పింది. ఐదేళ్ళలోపు వారికి కూడా సాధారణంగా అవసరం లేదన్నది. పిల్లల దగ్గు, జలుబు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి.

2. గోరువెచ్చని నీరు, పలుచని గంజి కొద్దికొద్దిగా తాగించండి. తల్లిపాలు ఆపవద్దు. ఏడాది దాటిన బిడ్డకు అర చెంచా తేనె గొంతుకు హాయినిస్తుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే ఆచారం కూడా మానాలి.

3. పక్కింటివారి సీసా, నిరుడు మిగిలిన సీసా బిడ్డకు పోయవద్దు. ఒక బిడ్డకు రాసిన మందు, మోతాదు మరొక బిడ్డకు పనికిరావు.

4. మందు లైసెన్సు ఉన్న షాపులో కొని, బిల్లు తీసుకోండి. బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ చూడండి. ఏదైనా బ్యాచ్ వాడవద్దని ప్రభుత్వం ప్రకటించినప్పుడు ఆ నంబరే మీకు ఆధారం. కోర్సు ముగిసేవరకు సీసాను, బిల్లును పారవేయవద్దు.

5. ఇంటిలోని చెంచాలు అన్నీ ఒక కొలతవి కావు. సీసాతో వచ్చిన కొలత మూతతోనే పోయండి. 5 మి.లీ. అంటే 5 మి.లీ.యే.

6. సిరప్ తాగిన బిడ్డకు వాంతులు, కడుపునొప్పి, మగత వచ్చి, మూత్రం తగ్గితే లేదా ఆగితే ఆ మందు వెంటనే ఆపండి. తెల్లవారేదాకా చూడకండి. సీసాతో సహా పెద్దాసుపత్రికి తీసుకొనిపోండి. ఈ విషానికి వైద్యమున్నది, డయాలసిస్ ఉన్నది. ఆలస్యమైన కొద్దీ ఆశ తగ్గుతుంది. బిడ్డ చివరిసారి ఎప్పుడు మూత్రం పోశాడో డాక్టరు అడుగుతాడు, గుర్తుంచుకోండి.

7. దగ్గుతో పాటు బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగలేకపోతున్నా, శ్వాస వేగంగా ఉన్నా అది మామూలు జలుబు కాదు. నిమిషానికి శ్వాసలు లెక్కపెట్టండి. రెండు నెలలలోపు బిడ్డకు 60, రెండు నెలల నుండి ఏడాదిలోపు 50, ఏడాది నుండి ఐదేళ్ళ వరకు 40, ఆ లెక్కకు చేరినా దాటినా న్యుమోనియా కావచ్చు. సిరప్‌తో కాలం గడపక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోండి. ఎలా లెక్కపెట్టాలో మీ ఊరి ఆశా కార్యకర్త చూపిస్తుంది.

8. జ్వరానికి, మూర్ఛకు, మరే జబ్బుకైనా డాక్టరు రాసిన సిరప్‌ను ఈ వ్యాసం చదివి భయంతో మానవద్దు. సందేహముంటే సీసా తీసుకొని పోయి అడగండి.

ఆ సాయంత్రం

ఆ బాబు చొక్కా పైకెత్తి, గడియారం చూచుకొంటూ నిమిషం నిండా శ్వాసలు లెక్కపెట్టాను. ముప్పయి రెండు. డొక్కలు ఎగరడం లేదు, జ్వరం లేదు. అమ్మ చేతిలోని కొంగును లాగి ఆడుకొంటున్నాడు.

"పెద్దమ్మా, ఇందులో సారా లేదు. మీకు ఆ భయం వద్దు" అన్నాను. "అయినా మీ మనవడికి ఈ మందు వద్దు. వయసు చాలదు, సీసా వేరే బిడ్డది. రేపు ఆరోగ్య కేంద్రంలో ఒకసారి చూపించండి."

పెద్దమ్మ కాసేపు ఊరకున్నది. తరువాత కోడలి వైపు తిరిగి, "నేను ఒక కారణానికి వద్దన్నాను, సిస్టరుగారు వేరే కారణానికి వద్దన్నారు. వద్దనడం మాత్రం మంచిదే అయ్యింది" అన్నది. కోడలికి నవ్వు వచ్చింది. రెండు రోజులుగా మాటలు లేని ఆ ఇద్దరూ ఒకే గొడుగు కింద ఇంటికి పోయారు. మరుసటి దినం ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ కూడా సిరప్ అవసరం లేదన్నదట. వారం తిరిగేసరికి దగ్గు తగ్గింది.

ప్రియులారా, బిడ్డ నోట చెంచా పెట్టే ముందు ప్రార్థించే అలవాటు మన ఇళ్ళలో ఉన్నది. అది పోనివ్వకండి. ప్రార్థించిన తరువాత కళ్ళు తెరచి సీసా మీది మాటలు కూడా చదవండి. చదవరాకపోతే బడికి పోయే బిడ్డ చేత చదివించుకోండి. ఆ పెద్దమ్మ చేసినట్టు, తెలియనిది అడగండి. చింద్వారాలోను, రాంనగర్‌లోను, దూరపు గాంబియాలోను ఒడి ఖాళీ అయిన తల్లులను మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. చిన్నబిడ్డలను ఎత్తి కౌగిలించుకొన్న ప్రభువు మీ ఇంటి బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.